మెడలోంచి వచ్చిన ద్రాక్షరసం

ఆదివారం, పొద్దున పదకొండుంబావు. ఆపరేషనైన ఏడో రోజు. వార్డులో గోడగడియారం సరిగ్గా నా మంచానికి ఎదురుగా ఉంది కాబట్టి టైము విషయంలో నాతో ఎవరూ వాదించొద్దు. ఆ నిమిషంలోనే, నేను మింగిన ద్రాక్షరసం నా మెడకు ఎడమ పక్కనున్న కుట్లలోంచి బయటికొచ్చి, తెల్లటి కట్టు మీద ఊదారంగు మరకై కూర్చుంది.

ఆ తర్వాత ఈ సంగతిని మా ఊళ్లో ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకున్నారు. నెత్తురు కక్కానన్నారు. డాక్టర్లు కుట్లు సరిగ్గా వెయ్యలేదన్నారు. దేవుడు శిక్షించాడన్నారు. మూడూ తప్పే. జరిగింది జరిగినట్టు రాసిపెడదామని కూర్చున్నాను. నాకు అక్షరాలొచ్చింది యాభై ఎనిమిదో ఏట. ఒక్క పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. పడితే పడనీ. నా గొంతు సంగతి ఇంకొకరి నోట్లో నానడం నాకిష్టం లేదు.

అక్షరాలు ఎందుకు నేర్చుకున్నానో ముందు చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో వాటికీ పనుంది. మాది జగ్గయ్యపేటకు ఆటోలో పోయేంత దూరంలో ఉన్న పల్లె. మెట్ట నేల. మిరప, పత్తి. పెళ్లయిన దగ్గర్నుంచీ మిరపకాయలు కోశాను, కోతలు లేని రోజుల్లో గోడౌన్లో కూర్చుని తొడిమలు తీశాను. నలభై ఏళ్లు తొడిమలు తీసిన వేళ్ల మీద గీతలు మిగలవు. రేషను మిషను మీద వేలు పెడితే అది నన్ను గుర్తుపట్టేది కాదు. "ఇంకో వేలు, ఇంకో వేలు" అంటూ పది వేళ్లూ పెట్టించి, "నువ్వు నువ్వు కాదంటంది మామ్మా మిషను!" అని డీలరు నవ్వాడు. వెనకున్న లైనంతా నవ్వింది. ఆ మధ్యాహ్నమే మా గుడిలో వాక్యం చెప్పే పాస్టరమ్మ గారి దగ్గరికి వెళ్లి, "నా పేరు నేను రాసుకునేట్టు చెయ్యండి" అన్నాను. ఆవిడ నాకంటే పాతికేళ్లు చిన్న. స్త్రీల కూడిక అయిపోయాక గుడి వరండాలో నా చేతికి పలకిచ్చి కూర్చోబెట్టింది. పేరుతో నేను ఆగలేదు. రెండేళ్లకు బైబిలు కూడబలుక్కున్నాను. తర్వాత బస్సు బోర్డులు, మందు డబ్బాలు, గోడల మీద ఎన్నికల రాతలు, కంటికి కనబడిందల్లా చదివాను.

ఇక జబ్బు సంగతి. మొదట అన్నం ముద్ద దిగడం ఆగింది. ఛాతీ నడుమ ఎవరో అడ్డంగా చెయ్యి పెట్టినట్టుండేది. మజ్జిగతో నెట్టేదాన్ని. కొన్నాళ్లకు మజ్జిగ ఒక్కటే దిగేది. మా ఊరికి బండి మీద వచ్చి సూదిమందు వేసే ఆయన గ్యాసన్నాడు. నాలుగు నెలలు గ్యాసు బిళ్లలు మింగాను. ఆ బిళ్ల కూడా అడ్డం పడ్డ రోజున నందిగామ బస్సెక్కాను. అక్కడ నోట్లోంచి కెమెరా గొట్టం దించి చూశారు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు.

"చుట్ట కాలుస్తారా?" అని అడిగాడు నందిగామ డాక్టరు.

"ముప్పై ఏళ్ల నించి."

"మానేశారా?"

"ఇదిగో, మీరు అడిగారుగా. ఇప్పుడే మానేశా."

ఆయన నవ్వలేదు. ముక్క పరీక్ష వచ్చాక అన్నవాహికలో క్యాన్సరన్నాడు. రెండు దార్లు చెప్పాడు. ఒకటి, లోపల ఇనప జాలీ గొట్టం పెడితే పాలూ జావా దిగుతాయి, జబ్బు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. రెండోది, బెజవాడ వెళ్లి పెద్దాపరేషను చేయించుకోవడం. అది ప్రమాదం, కానీ జబ్బు పోయే అవకాశం దాంట్లోనే ఉంది.

నాకు పిల్లల్లేరు. మా ఆయన పోయి పదేళ్లు దాటింది. అందుకని నా సంగతులన్నీ మా బావగారు, అంటే మా ఆయన అన్నయ్య, తన సంగతులనుకుంటాడు. పైగా మా సంఘపెద్ద. గుడికి సున్నం ఎప్పుడెయ్యాలో, ఎవరింటి పెళ్లి ఏ వారం పెట్టుకోవాలో చివరి మాట ఆయనది. నందిగామ కాగితాలు ఒళ్లో పెట్టుకుని మా అరుగు మీద కూర్చుని, పది నిమిషాల్లో తేల్చేశాడు.

"ఈ వయసులో కత్తి దేనికమ్మాయ్? ఆ గొట్టమేదో పెట్టించుకో. పాలు తాగతా, ఉన్నన్నాళ్లు ప్రార్థన చేసుకుంటా ఉండు."

"ఉన్నన్నాళ్లంటే ఎన్నాళ్లు బావగారూ?"

"అది మన చేతుల్లో ఉందా?"

"కొంత ఉందంటన్నాడుగా డాక్టరు. అరవై ఆరేళ్లు నమిలి తిన్నా. ఇప్పుడు పాలసీసా పట్టుకు పడుకోడానికి నేనేం చంటిపిల్లనా?"

"నోరు తగ్గించు."

"నా గొడవంతా ఆ నోటి కోసమేగా. తగ్గించను. బెజవాడ పోతా."

నాకు తోడు వచ్చింది మా చెల్లెలు. దాన్ని కీసర ఇచ్చారు. అక్షరం ముక్క రాదు గానీ ఆసుపత్రిలో ఏ మూల ఏముందో అరగంటలో కనిపెట్టే మనిషి. ఇద్దరం కలిసి తిరిగాం. ముందు కరెంటు, అదే రేడియేషను, పెట్టారు, వారం వారం సెలైన్లో మందు ఎక్కించారు. నోట్లో పుండ్లు, ఒళ్లంతా నీరసం. జుట్టు దువ్వెనకొచ్చేసింది. "పోనీలే అక్కా, పేన్లకి ఇల్లు లేకుండా పోయింది" అంది మా చెల్లెలు. అవన్నీ అయ్యి, ఒంట్లో కాస్త సత్తువ రావడానికి ఇంకొన్ని వారాలు ఆగి, అప్పుడు ఆపరేషనుకు రమ్మన్నారు.

కోసే డాక్టరు సన్నగా, పొడుగ్గా, నిద్ర చాలని మొహంతో ఉంటాడు. మందుల చీటీ వెనక బొమ్మ గీసి చూపించాడు.

"అన్నవాహిక చాలావరకూ తీసేస్తామమ్మా. దాని బదులు మీ పొట్టనే సన్నటి గొట్టంలా కుట్టి, ఛాతీలోంచి పైకి లాగి, ఇదిగో ఇక్కడ మెడ దగ్గర పైముక్కకు అతికిస్తాం."

"మరి నా పొట్ట ఎక్కడుంటది?"

"ఛాతీలో."

"అయితే అన్నం తింటే గుండెకాయ పక్కకి జరగాలన్నమాట."

"అది సర్దుకుంటుందిలెండి" అన్నాడు. అప్పుడు నవ్వాడు. ఆ నవ్వుతో ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది.

ఒప్పుకోలు కాగితం మీద సంతకం రోజున మా బావగారు జేబులో పెన్నుతో దిగాడు. "ఎక్కడ పెట్టాలండీ సంతకం?" అని డాక్టరునడిగాడు, ఇంటికి పెయింటు వేయిస్తున్నట్టు. నేను కాగితం లాక్కున్నాను. "చదువుతా, ఆగండి" అన్నాను. తెలుగులోనే ఉంది. వేలు పెట్టి, పంక్తి పంక్తీ పైకే చదివాను. డాక్టరు వార్డంతా తిరిగి వచ్చేసరికి రెండో పేజీలో ఉన్నాను. ఊపిరితిత్తులకు నిమ్ము చేరవచ్చు. గొంతు బొంగురు పోవచ్చు. అతుకు దగ్గర లీకు రావచ్చు. ప్రాణాపాయం.

"లీకంటే?"

"అతుకు సరిగ్గా మానక చిన్న కన్నం మిగిలిపోవడం. అందుకే ఛాతీ లోపల కాకుండా మెడ దగ్గర అతికిస్తున్నా. అక్కడ కారితే బయటికొస్తుంది, మనకి తెలుస్తుంది. లోపల కారితే తెలిసేసరికి ఆలస్యం అవుతుంది."

"చూశావా, అన్నీ రాసే ఉన్నయ్యి" అన్నాడు బావగారు. "రేపు ఏదన్నా అయితే నన్నడగొద్దు."

"అడగను."

సంతకం పెట్టాను. నా పేరు, ఇంటిపేరుతో సహా. మా చెల్లెలు సాక్షిగా వేలిముద్ర వేసింది. బావగారు ఆ సాయంత్రం బస్సుకే వెళ్లిపోయాడు. ఆసుపత్రిలో మళ్లీ అడుగు పెట్టలేదు.

ఆపరేషను రోజు గురించి నాకేమీ తెలియదు, తెలిసినట్టు రాయను. కళ్లు తెరిచేసరికి ఎక్కడెక్కడో గొట్టాలు. ముక్కులో ఒకటి, పక్కటెముకల్లో ఒకటి, మెడ దగ్గర సన్నది ఒకటి. పొట్టకు పెట్టిన పైపులోంచి పాలలాంటి ఆహారం చుక్కచుక్కగా పేగుల్లోకి పోతోంది. మాట్లాడబోతే గాలి వచ్చింది, మాట రాలేదు. గొంతు నరం దెబ్బ తిని ఉంటుంది, కొన్ని నెలల్లో కొంత వస్తుంది అన్నారు. మా చెల్లెలు కిందికెళ్లి పలక కొనుక్కొచ్చింది. దానికి చదవడం రాదు, నాకు మాట రాదు. మధ్యలో నర్సుపిల్ల. జి.కొండూరు పిల్ల, బక్కపలచగా ఉంటుంది, కోపం మాత్రం పుష్కలం. నేను రాసింది అదే చదివి వినిపించేది.

నాలుగో రోజుకి వార్డులోకి మార్చారు. పక్క మంచం మీద చందర్లపాడు ఆవిడ. పెద్ద రైతు భార్య, నా ఈడుదే. ఆవిడకు పాంక్రియాస్, అదే క్లోమం, దాని తల తీసేశారు. ఆవిడక్కూడా లోపల అతుకు దగ్గర లీకై, పొట్ట పక్కనుంచి గొట్టం, గొట్టానికి సంచి. మూడు వారాలుగా అక్కడే ఉంది. వాళ్ల చేలో నేను ఏ ఏడో కాయలు కోసే ఉంటాను. ఇప్పుడు నా మెడ గొట్టానికీ, ఆవిడ పొట్ట గొట్టానికీ ఒకటే సైజు సంచి. ఆ మాట పలక మీద రాస్తే నర్సుపిల్ల చదివింది. ఆవిడ నవ్వబోయి, కుట్లు లాగి, "నవ్వించొద్దు అక్కగారూ, చస్తా" అని పొట్ట పట్టుకుంది.

నా మంచం తలవైపు ఒక అట్ట వేలాడదీశారు. పెద్దక్షరాలు: నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు. చదువు రాని దాన్నని తప్పించుకునే వీలు నాకు లేదు. ఆ అట్ట నేను రోజూ చదివాను. పెదాలు ఎండి పగిలితే తడిగుడ్డ అద్దేవాళ్లు, అంతే. మళ్లీ నోటితో ఏదన్నా మింగుతానా అన్నది ఒక్కటే నా ఆలోచన. దాని కోసమే కత్తికి ఒప్పుకున్నాను. సోమవారం రంగు నీళ్లు తాగించి చూస్తామని, కారకపోతే మంచినీళ్లతో మొదలుపెడతామని డాక్టరు చెప్పాడు. ఆదివారం దాటితే చాలు.

ఆ ఆదివారం నెలలో మొదటి ఆదివారం. మా గుడిలో ఆ రోజు ప్రభువు బల్ల ఇస్తారు, అంటే యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం. మంచాన పడ్డవాళ్లుంటే ఇంటికి తీసుకెళ్లి ఇవ్వడం మా వాడుక. ఎండాకాలమని ఎనిమిదింటికల్లా ఆరాధన ముగించారట. పాస్టరమ్మ గారు అటునుంచటే బస్సెక్కింది, చేతిసంచిలో చిన్న సీసా, తెల్లగుడ్డలో చుట్టిన రొట్టెముక్క. మా గుడి రసం ఆవిడే కాస్తుంది. నల్లద్రాక్ష ఉడికించి, పిండి, వడగట్టి. ఊదా రంగు వేళ్లకంటితే రెండ్రోజులు వదలదు.

నన్ను చూసి ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ప్రార్థన చేసింది. తర్వాత సంచి తెరవబోయి, అట్ట వైపు చూసి ఆగింది.

"నోటికి ఏమీ ఇయ్యకూడదని రాశారు కదా పెద్దమ్మా."

"అది అన్నం సంగతండీ" అంది మా చెల్లెలు. "ఇది అన్నం కాదుగా."

"రొట్టె వద్దులే. గట్టిది."

"రసమైతే ఉద్ధరిణె అంత కూడా ఉండదు" అంది పక్క మంచం ఆవిడ, అడక్కుండానే. "మా తీర్థమూ అంతేనండీ. నాకు మొన్న గుడి నుంచి మావాళ్లు తెస్తే నాలిక మీద ఏసుకున్నా. దేవుడిది గొంతులో పడితే ఏమైద్ది?"

వార్డు ఊడ్చే ఆయమ్మ చీపురు ఆపి, "పొయ్యండమ్మా, పోయే ప్రాణమైనా నిలబడిద్ది" అంది.

నలుగురు ఆడవాళ్లు, రెండు మతాలు, ఒకటే తీర్మానం. అది ఆహారం కాదు కాబట్టి అట్టకు దాంతో సంబంధం లేదు. ఈ తప్పు మాలాంటి వాళ్లే చెయ్యగలరు. ఎవరైనా ఇడ్లీ తెచ్చుంటే అక్కడున్న అందరం కలిసి తరిమేసేవాళ్లం. పాస్టరమ్మ గారు అప్పటికీ సందేహంగా నా వైపే చూసింది. నేను పలక తీసుకుని రాశాను: పొయ్యండి. ఆవిడ చదివింది. నేను నోరు తెరిచాను.

చల్లగా, తియ్యగా ఉంది. ఏడు రోజుల తర్వాత నాలిక మీద రుచి. మింగాను. దిగింది. దిగుతుంటే ఏమీ అడ్డం పడలేదు. మజ్జిగకే ఆగిపోయిన గొంతు దారి ఇచ్చింది. ఒక్క క్షణం నేను గెలిచాననుకున్నాను.

"అక్కా, మెడ!" అంది మా చెల్లెలు.

నర్సుపిల్ల పరిగెత్తుకొచ్చింది. "బ్లీడింగ్!" అని అరవబోయి, కట్టు దగ్గర ముక్కు పెట్టింది. మొహం మారింది. "ఇది బ్లడ్ కాదు. ద్రాక్ష వాసనొస్తంది. మామ్మా, ఏం తాగావు?"

పాస్టరమ్మ గారి చేతిలో సీసా ఉంది, దాచుకోవడం కూడా ఆవిడకు చేతకాలేదు.

"మీకు కళ్లు లేవా? అంత పెద్ద అట్ట పెట్టాం కదా! చదువుకున్నోళ్లు కూడా ఇట్టా చేస్తే ఎట్టాగండీ?"

పాస్టరమ్మ గారు గోడకానుకుని ఏడుపు మొదలుపెట్టింది. "నేను చంపేశాను పెద్దమ్మని, నేనే చంపేశాను." నేను పలక తుడిచి రాశాను: నోరు నాది. నేనే తెరిచా. ఆవిడ మీద అరవొద్దు. నర్సుపిల్ల చదివి, పలకను మంచం మీద పడేసి డాక్టరుకు ఫోను చేసింది.

ఆయన ఆదివారం కూడా ఇరవై నిమిషాల్లో వచ్చాడు. కట్టు విప్పి చూశాడు. నాకు రెండ్రోజులుగా ఒళ్లు కాస్త వెచ్చగా ఉందని, కుట్ల చుట్టూ ఎర్రగా ఉందని చార్టులో చూసి తల పంకించాడు. ముందు మమ్మల్ని అందరినీ కలిపి తిట్టాడు. ఆ తిట్లు న్యాయమైనవి కాబట్టి రాయడం లేదు. తర్వాత మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"రసం వల్ల కన్నం పడలేదమ్మా. కన్నం ముందే ఉంది, రసం చూపించింది. రేపు రంగు నీళ్లతో నేను చూద్దామనుకున్నది మీరు ఇవాళే చూపించారు. అదృష్టం ఏంటంటే ఇది బయటికొచ్చింది. ఊపిరితిత్తుల్లోకి పోయుంటే నేను ఇలా కూర్చుని మాట్లాడేవాణ్ణి కాదు. ఇంకోసారి ఇలాంటి పని చెయ్యకండి."

చస్తానా? అని రాశాను.

"ఇప్పుడైతే లేదు. దీనికి మళ్లీ పెద్దాపరేషన్ అక్కర్లేదు. పై కుట్లు విప్పి, చీము పోనిచ్చి, శుభ్రం చేస్తాం. రోజుకు మూడునాలుగుసార్లు కట్టు మారుస్తాం. పొట్ట పైపుతోనే ఆహారం. కన్నం దానంతటదే మూసుకోవాలి. వారాలు పడుతుంది. ఉమ్మి కూడా మింగొద్దు."

మంచం మీదే మత్తు సూదేసి రెండు కుట్లు విప్పాడు. లోపల్నుంచి వచ్చిన వాసన గురించి నేను చెప్పను. గోడౌన్లో కుళ్లిన కాయల బస్తా విప్పిన వాళ్లెవరైనా ఊహించుకోవచ్చు. నర్సుపిల్ల మొహం తిప్పుకోలేదు. ఆయమ్మ బేసిను పట్టుకుంది. మా చెల్లెలు నా కాళ్లు పట్టుకుంది. పాస్టరమ్మ గారు ఏడుపాపి లైటు పట్టుకుంది, ఎవరూ చెప్పకుండానే.

మర్నాటికల్లా కబురు మా ఊరు చేరింది. మా చెల్లెలి ఫోనుకు బావగారు చేశాడు. అది స్పీకరు పెట్టింది.

"చెప్పానా లేదా? చుట్ట కాల్చిన నోటితో బల్ల తీసుకుంటే ఊరుకుంటాడా దేవుడు? అయోగ్యంగా తీసుకుంది, శిక్ష పడింది. ఆ పాస్టరమ్మకైనా బుద్ధుండొద్దా?"

నేను పలక మీద గబగబా రాసి నర్సుపిల్లకు చూపించాను.

"మామ్మా, ఇది చదవాలా? నిజంగా?"

తలూపాను. అది గొంతు సవరించుకుని ఫోనుకు దగ్గరగా, పాఠం అప్పజెప్పినట్టు చదివింది. "బావగారూ. చుట్ట మానేసి ఎనిమిది నెలలైంది. మీరు సాయంత్రం తాగేదేంటో నాకు తెలుసు. ఫోను పెట్టెయ్యండి."

పెట్టేశాడు. చందర్లపాడు ఆవిడ మళ్లీ పొట్ట పట్టుకుంది.

తర్వాతి నాలుగు వారాలు రాయడానికి పెద్దగా ఏమీ లేదు. కట్టు తడుస్తుంది, మారుస్తారు, తడుస్తుంది. నా ఉమ్మే నా మెడలోంచి కారి భుజం మీద పడేది. మెడ మీద నోరొకటి మొలిచినట్టుండేది. ఉన్న నోటికి మాట లేదు, కొత్త నోటికి సిగ్గు లేదు. ఇంటికి తీసుకుపొమ్మని, అక్కడ ప్రశాంతంగా పోతుందని బావగారు మా చెల్లెలికి మనిషి మీద మనిషిని పంపాడు. "ప్రశాంతంగా మీరు పోండి" అని చెప్పి పంపింది మా చెల్లెలు. అది అంత మాట అనగలదని నాకు అప్పటిదాకా తెలియదు. రోజూ కట్టు విప్పినప్పుడు నేను గోడ మీద అద్దం తెప్పించుకుని చూసుకునేదాన్ని. రూపాయి బిళ్లంత ఉన్నది బఠాణీగింజంత అయింది. తర్వాత మెంతిగింజ. తర్వాత ఒక రోజు కట్టు పొడిగా వచ్చింది. రెండో రోజూ పొడే.

అప్పుడు నీలం రంగు కలిపిన నీళ్లు ఇచ్చి మింగమన్నారు. డాక్టరు, నర్సుపిల్ల, మా చెల్లెలు ముగ్గురూ నా మొహం మానేసి మెడ చూస్తూ నిలబడ్డారు. గుటక వేశాను. కట్టు తెల్లగానే ఉంది. ఇంకో గుటక. తెల్లగానే ఉంది. మా చెల్లెలు చేత్తో తడిమి మరీ చూసింది. ఫోటో తీసే మిషను దగ్గర కూడా మందు తాగించి చూశారు. లోపలా కారడం లేదు. మంచినీళ్లు చెంచాతో మొదలుపెట్టారు. తర్వాత జావ. పదో రోజుకు మెత్తగా పిసికిన పెరుగన్నం, రెండు చెంచాలు. ఆ రెండు చెంచాలకూ నేను అరగంట తీసుకున్నాను. నమలాల్సిన పని లేకపోయినా నమిలాను.

అంతా సుఖాంతమని ఎవరూ అనుకోవద్దు. మానిన చోట మచ్చ బిగిసి గొంతు మళ్లీ సన్నబడింది. నందిగామలో రెండుసార్లు లోపల బుడగ పెట్టి వెడల్పు చేశారు, ఇంకోసారి పట్టొచ్చన్నారు. పూటకు గుప్పెడు చొప్పున రోజుకు ఆరుసార్లు తింటాను. తిన్నాక గంటదాకా పడుకోకూడదు, పడుకుంటే పులుపు గొంతులోకొస్తుంది. మూడు దిండ్ల మీద కూర్చున్నట్టే నిద్ర. తీపి ఎక్కువైతే చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి. గొంతు బొంగురు, పాత రేడియోలా. మూడు నెలలకోసారి పరీక్షకు వెళ్తున్నాను. జబ్బు మళ్లీ వస్తుందో రాదో డాక్టరు చెప్పడు, నేనడగను. మిరపకాయ పచ్చడి మాత్రం వేలి చివరతో నాలిక్కి రాసుకుంటాను. అది ఎవరికీ చెప్పొద్దు, ముఖ్యంగా నర్సుపిల్లకి.

మొన్న మొదటి ఆదివారం గుడికి వెళ్లాను, ఆపరేషను తర్వాత మొదటిసారి. మా దగ్గర పెద్ద గండం గడిచినవాళ్లు లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. బావగారు ముందే ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నీ గొంతు బాలేదుగా, నేను రాసిచ్చా. ఇది చదివితే చాలమ్మాయ్."

చదివాను. నేను అయోగ్యంగా బల్ల తీసుకున్నానట. శిక్షగా మెడకు కన్నం పడిందట. సంఘం ప్రార్థించగా మూసుకుందట. చివరి పంక్తిలో, పాస్టరమ్మ గారు కూడా లేచి తప్పు ఒప్పుకోవాలని ఉంది. ముందు వరసలో ఆవిడ తలొంచుకుని కూర్చుని ఉంది. ఆ పంక్తి సంగతి ఆవిడకు ముందే తెలుసని మొహం చూస్తే తెలిసింది. రేషను లైన్లో నవ్వులపాలైన నాకు పలకిచ్చిన మనిషి ఆవిడ.

కాగితం నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకున్నాను. లేచి నిలబడ్డాను.

"నా గొంతు ఇంతే, అందరూ దగ్గరికి జరగండి" అన్నాను. జరిగారు. "ప్రార్థన చేసినోళ్లందరికీ వందనాలు. చెయ్యబట్టే బతికానేమో, నాకు తెలవదు, దేవుడికి తెలుసు. కానీ ఆ రసం కన్నం చెయ్యలా. ఉన్న కన్నాన్ని చూపించింది. డాక్టరుగారి మాట ఇది. అట్ట మీద రాసుంటే తాగడం తప్పే, ఆ తప్పు నాది. అట్ట చదివి కూడా పొయ్యమని రాసింది నేను. దానికి ఇంకెవరూ లేచి నిలబడక్కర్లా. ఇంకో మాట. ఇకనించి ఆసుపత్రిలో ఉన్నోళ్లకి బల్ల తీసుకెళ్లేముందు నర్సునడగండి. ఇది శిక్ష కథ కాదు, లీకు కథ."

"అమ్మాయ్, కూర్చో" అన్నాడు బావగారు.

"కూర్చుంటా. ఆ రోజు అక్కడ ఎవరెవరున్నారో చెప్పి కూర్చుంటా. రాసుకొచ్చా."

నా నోటుబుక్కు తీశాను. అసలు పేర్లే రాసుకున్నాను, గుడిలో అసలు పేర్లే చదివాను. ఇక్కడ మాత్రం వాళ్ల పేర్లు బజారున పెట్టడం ఇష్టం లేక పిలుపులే రాస్తున్నాను. చదవడం అయ్యాక బల్ల ఇచ్చారు. పాస్టరమ్మ గారు గిన్నె నా నోటికందిస్తే కింద నా చెయ్యి పెట్టాను. మింగాక, అందరూ చూస్తుండగానే మెడ మీద చెయ్యి వేసి చూసుకున్నాను. పొడిగా ఉంది.

ఆ ఆదివారం పదకొండుంబావుకు, ఆ తర్వాతి గంటలోనూ నా మంచం చుట్టూ ఉన్నవాళ్లు వీళ్లు. కీసర నుంచి వచ్చిన మా చెల్లెలు. సీసా తెచ్చి, తర్వాత లైటు పట్టుకున్న పాస్టరమ్మ గారు. అడక్కుండానే సలహా ఇచ్చిన చందర్లపాడు అక్కగారు. చీపురు పక్కన పెట్టి బేసిను పట్టుకున్న ఆయమ్మ. వాసన చూసి కనిపెట్టిన జి.కొండూరు నర్సుపిల్ల. ఆదివారం కూడా ఇరవై నిమిషాల్లో వచ్చిన డాక్టరుగారు. నేను.